పోస్టుల పోయిన ఓటు

సర్కారు నౌకరీల చేరిన కాన్నుంచి నేను దగ్గరుండి ఓట్లేయించిన జనాన్ని లైన్ల నిలబెడితే ఖమ్మం నుంచి కొత్తగూడెం దాకా వస్తరు. నేను లైన్ల నిలబడి వేసిన ఓటు మాత్రం ఒక్కటి లేదు. మామూలు రోజులల్ల టీచర్లు బతికున్నరో లేదో ఎవరికీ పట్టదు. ఎలక్షన్ రాంగనే మాత్రం మా అసుంటి మేధావులు దేశంల ఇంకెవరూ లేనట్టు ఇంటికే ఆర్డర్లు పంపుతరు. పోలింగు నాడు మా ఊరి బడిల మా ఊరోళ్లు ఓటేస్తుంటే, నేను ఎక్కడో అడవిల, నోరు తిరగని పేరున్న ఊర్ల, వేరేటోళ్ల వేళ్లకు సిరా పూసుకుంట కూసుంట. 'మరి మా ఓటు సంగతేంది సార్?' అని ట్రైనింగుల ఎవరన్న అడిగితే, 'పోస్టల్ బ్యాలెట్ ఉన్నది గదమ్మా' అంటరు. ఉన్నది. ఆకాశంల చుక్కలు గూడ ఉన్నయి.

నిజం చెప్పాలెనంటే నాకు గూడ దాని మీద పెద్ద పట్టింపు లేకుండె. లక్షల ఓట్లల్ల నా ఒక్క ఓటు పడకపోతే ఏ సర్కారు ఆగింది? కని ఆ యేడు వానకాలంల పంచాయతీ ఎలక్షన్లు వచ్చినయి. అండ్ల మా వదిన వార్డు మెంబరుగ నిలబడ్డది. వదినంటే మా ఆయన అక్క. ఆమెను ఊర్లనే ఇచ్చిండ్రు, పుట్టిల్లూ అత్తగారిల్లూ ఒకటే గల్లీ. మేం ఖమ్మంల ఖానాపురం హవేలిల కిరాయికి ఉంటున్నా మా ఓట్లు మాత్రం ఊర్లనే ఉండె. 'ఓటు తీసేస్తే ఇంక ఊరికీ మనకూ ఏం సంబంధం బిడ్డా' అని మా అత్తమ్మ తియ్యనియ్యలేదు.

వార్డు మెంబరంటే ఎవరికైనా నవ్వొస్తది. మా పేటల ఓటర్లందర్నీ కలిపితే ఒక బస్సుల పడతరు, జర టాపు మీద గూడ కూసుంటే. కని మా వదిన పదవి పిచ్చి పట్టి నిలబడలేదు. దాని ఎనక ఒక డొంక ఉన్నది.

మా పేటోళ్ల సమాధుల తోట ఊరవతల వాగు ఒడ్డున ఉంటది. దానికి పోవాలెనంటే రెండు దిక్కుల వరి మళ్లు, మధ్యల ఆ డొంక, గంతే దారి. ఎండకాలం ఎడ్లబండి గూడ పోతది. వానకాలం మనిషి పోవుడే గగనం. మా మామ వానకాలంలనే పోయిండు, అది ఆయన చేతిల లేకపాయె. శవపెట్టె మోసేటోళ్లు మోకాళ్ల దాకా దిగబడిండ్రు. ఒక కాలు గుంజుకునేసరికి ఇంకో కాలు దిగుడు. ఒక కాడ పెట్టె మొత్తం ఒక పక్కకు ఒరిగింది. లోపల మనిషి ఆ పక్కకు జరిగిన చప్పుడు మా అందరికీ ఇనపడ్డది. మా అత్తమ్మ బురదలనే కూలబడి, 'పడెయ్యకుండ్రి బిడ్డా, ఆయన్ను పడెయ్యకుండ్రి' అని మొత్తుకున్నది. ఆ చప్పుడు నా చెవుల నుంచి ఇప్పటిదాకా పోలే.

ఆనాటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. బంగారం అడగలే, తీర్థం తీస్కపొమ్మని అడగలే. 'నా పెట్టె ఒరగకుంట పోవాలె. ఆ డొంకల జర మొరం మట్టి పోయించుండ్రి, నాకు గంతే చాలు' అనేది. పంచాయతీల అడిగితే మీ వార్డు మెంబరును అడుగుండ్రి అన్నరు. వార్డు మెంబరు ఎవరనుకున్నరు? ఆ డొంక పక్క మడి ఆయనదే. ఏటికింత ఏటికింత డొంకను చెక్కి మడిల కలుపుకుంటున్న మహానుభావుడు. మొరం పోస్తే హద్దు తేలుతది, హద్దు తేలితే ఆయన మడి మళ్ల చిన్నగైతది. పాపం, ఆయన మాత్రం ఎట్ల పోయిస్తడు?

అందుకని మా వదిన చెంగు నడుముకు దోపుకొని ఆయన మీదనే నిలబడ్డది. ఆమెకు ఎలక్షన్ గుర్తు గౌను వచ్చింది, ఆయనకు గ్యాస్ పొయ్యి. పుట్టి బుద్ధెరిగి గౌను తొడగని మనిషి ఇంటింటికి తిరిగి గౌనుకెయ్యుండ్రని దండం పెట్టుడు, ఇంట్ల కట్టెల పొయ్యి ఊదుకునే ఆడోళ్లు గ్యాస్ పొయ్యికి జై కొట్టుడు. వారం రోజులు మా పేటల ఇదే తమాషా. ఎవరు ఎటున్నరో ఊరందరికీ తెలుసు. నా ఓటు పక్కన పెట్టి లెక్కేసి చూస్తే సరిగ్గ చెరి సగం. 'ఒక్క ఓటు గూడ ఇడిసేది లేదు' అన్నది వదిన, అని నా దిక్కు చూసింది. ఎందుకంటే నాకు అప్పటికే డ్యూటీ ఆర్డర్ వచ్చి ఉండె. మణుగూరు దాటి అడవి లోపల, సరిగ్గ మా ఊరి పోలింగు నాడే.

'నీ ఓటు పోస్టులనన్న పంపియ్యి పిల్లా. నీకు దండం పెడత' అన్నది వదిన.

'దండమెందుకు వదినా, చదువుకున్నదాన్ని, నాకు ఆ మాత్రం తెల్వదా' అన్న నేను. ఆ మాట అన్న నోటిని తర్వాత మస్తు సార్లు తిట్టుకున్న.

ఇప్పుడు పోస్టుల ఓటు ఎట్లెయ్యాలెనో చెప్త, ఇనుండ్రి. రేపు మీకూ పనికొస్తది. ముందుగల అప్లికేషన్ అడగాలె. ఖమ్మంల ట్రైనింగు అయిన హాలు బయట ఒక బల్ల ఏసుకొని ఒకాయన కూసున్నడు. పోస్టల్ బ్యాలెట్ కావాలె సార్ అన్న.

'దేనికమ్మా?'

'ఓటెయ్యడానికి సార్.'

'అది తెలుసు. ఏ పదవికి?'

'వార్డు మెంబరుకు సార్.'

ఆయన పక్క బల్లాయన్ను పిలిచి మరీ చెప్పిండు. ఇద్దరూ మంచిగ నవ్వుకున్నరు. ఓటు విలువ గురించి రాసిన బ్యానరు సరిగ్గ వాళ్ల నెత్తి మీదనే కట్టి ఉండె. నవ్వుడైనంక, అప్లికేషన్ ఇక్కడ కాదు, మీ మండల ఆఫీసుల ఇయ్యాలె అన్నరు. మండల ఆఫీసుకు పోతే, ఇక్కడ కాదు, మీ ఊరి ఎలక్షన్ చేపించే ఆఫీసరుకు ఇయ్యాలె అన్నరు. ఆ ఆఫీసరు ఎక్కడున్నడు సార్ అంటే, ఆయన గూడ ట్రైనింగుకే పోయిండు అన్నరు. దొరికినంక ఆయన డ్యూటీ ఆర్డర్ జిరాక్సు ఏదమ్మా అన్నడు. జిరాక్స్ షాపుకు పోతే కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి ఆఫీసరు లేడు. ఇట్ల తిరిగి తిరిగి తల ప్రాణం తోకకొచ్చినంక, ఒకనాడు ఖానాపురం హవేలి ఇంటికి రిజిస్టర్ పోస్టుల లావుపాటి కవరొచ్చింది. పోస్టుమ్యాన్ నా దిక్కు కొత్తగ చూసిండు, కోర్టు నోటీసు అనుకున్నడు పాపం.

కవరు ఇప్పితే లోపల ఒక సంసారమే ఉన్నది. గౌను బొమ్మ, దాని కింద గ్యాస్ పొయ్యి బొమ్మ ఉన్న బ్యాలెట్ పేపరు. ఓటేసేది నేనే అని నేనే ఒప్పుకునే కాయితం. ఒక చిన్న కవరు. ఒక పెద్ద కవరు. ఇవన్ని ఎట్ల వాడాలెనో చెప్పే ఇంకో కాయితం. దాంట్ల ఒక్కో వాక్యం ఎంత పొడుగంటే, షురూ అయినప్పుడున్న కర్త చివరికి పోయేసరికి రిటైర్ అయితడు. మా పిల్లలు గట్ల రాస్తే నేను సున్నా ఏద్దును. నేనే దాన్ని రెండు సార్లు చదివి అర్థం చేసుకున్న. ఒప్పుకోలు కాయితం మీద గెజిటెడ్ ఆఫీసరు ముంగట సంతకం పెట్టాలె. బ్యాలెట్ మీద ఎవరూ చూడకుంట టిక్కు పెట్టి, చిన్న కవర్ల పెట్టి అంటియ్యాలె. చిన్న కవరు, ఒప్పుకోలు కాయితం రెండూ పెద్ద కవర్ల పెట్టి పోస్టు చెయ్యాలె. లెక్కింపు షురూ అయ్యేలోపట అది ఆఫీసరుకు చేరాలె. లేకపోతే నీ ఓటు నీ కాడనే, నీ ప్రజాస్వామ్యం నీ కాడనే.

గెజిటెడ్ ఆఫీసరు ఎక్కడ దొరకాలె? మా బడిది చిన్న బడి, మా హెడ్మాస్టరుకు ఆ భాగ్యం లేదు. అందరికన్న దగ్గర దొరికింది పశువుల దవాఖాన డాక్టరు సారు. నేను పోయేసరికి ఆయన ఒక బర్రెకు సూదేస్తున్నడు. కాయితం చూపెట్టి అటెస్టేషన్ సార్ అన్న. ఆయన చెయ్యి కడుక్కొని, నన్నూ కాయితాన్నీ మార్చి మార్చి చూసి, 'మీరు మీరేనా?' అని అడిగిండు. అవ్ సార్ అన్న. 'మంచిది. బర్రెలకైతే చెవికి బిళ్ల ఉంటది, గుర్తుపట్టుడు అల్కగ ఉంటది' అన్నడు. సంతకం పెట్టి ముద్ర కొట్టిండు. బర్రె ఓనరు పక్కనే నిలబడి, 'మేడం బర్రెకు లోనా సార్?' అని అడిగిండు. నేను కాయితం మడిచి సంచిల పెట్టుకొని బయటపడ్డ.

ఇంటికొచ్చి వంటింట్ల తలుపేసుకున్న. రహస్య ఓటు గదా మరి. మా అత్తమ్మ అప్పుడు మా ఇంట్లనే ఉండె. తలుపవతల నుంచి, 'మనలో మనకు దాపరికమేంది బిడ్డా?' అన్నది. 'రూలు అత్తమ్మా' అన్న. 'ఏసేది నా బిడ్డకే గదా, దానికి రూలేంది?' అన్నది. నేను బాల్ పెన్నుతోటి గౌను బొమ్మ పక్కన పెద్దగ, అందంగ, మా పిల్లల నోట్‌బుక్కులల్ల పెట్టినట్టు టిక్కు పెట్టిన. పేపరును మొదలు నిలువుగ, తర్వాత అడ్డంగ మడిచిన. ఓటేసిన గుర్తు ఇంకో బొమ్మ మీద అచ్చు పడకుంట ఉండనీకే ఆ మడత. అది ఊరూరికీ నేర్పేదే మేము గదా. చిన్న కవరు బంక అంటలే, రెండు అన్నం మెతుకులు పెట్టి అంటించిన. పెద్ద కవరు పొద్దున అంటిస్తనని అన్నీ బీరువా మీద పెట్టిన.

తలుపు తీసినంక మా అత్తమ్మ సీసా పట్టుకొని నిలబడి ఉన్నది. ఆ సీసా సంగతి చెప్పాలె. చర్చి ఉజ్జీవ కూటాలల్ల పాస్టరు గారు ప్రార్థన చేసిచ్చిన నూనె అది. మా ఇంట్ల ఆ నూనె అంటని వస్తువు లేదు. మా ఆయన బండి హ్యాండిల్‌కు, పిల్లల హాల్‌టికెట్లకు, కొత్త కుక్కరు మూతకు, అన్నిటికీ బొటనవేలుతోటి సిలువ గుర్తు పెట్టి ప్రార్థన చేసేది. ఒకసారి నా ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్‌కు గూడ రాసింది. నన్ను అడవి అంచుకు, ఇంకింత దూరం పంపిండ్రు. 'దేవునికి అక్కడేదో పని ఉంటది' అన్నది. నాకైతే ఇప్పటిదాకా ఆ పని ఏందో తెల్వదు.

'ఓటు మీద ప్రార్థన చేస్త బిడ్డా. పొద్దుందాక నా బైబిలు కింద ఉండనియ్యి' అన్నది. వద్దంటే ఆ మొఖం చూడలేను. చిన్న కవరు ఆమె చేతిల పెట్టిన. కవరంటించి ఉన్నది, ఒక చుక్క రాస్తే ఏమైతదిలే అనుకున్న. ఆమె కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే నాకు ఒకటే మాట ఇనపడ్డది, 'ఆ డొంక బాగు చెయ్యి ప్రభువా.' ఓడిపోవద్దని గాదు, గెలిపియ్యమని గాదు. డొంక బాగు చెయ్యమని.

పొద్దున లేచి చూస్తే ఆ కవరు అప్పడం లెక్క ఉన్నది. ఒక చుక్క గాదు, బిడ్డ మీద ప్రేమ ఎంత ఉంటే అంత పోసింది. నేను పిల్లల పౌడరు డబ్బా తెచ్చి చల్లి, పాత బనీను గుడ్డతోటి తుడిచిన. మళ్ల చల్లిన, మళ్ల తుడిచిన. పైకి జర మంచిగనే అయింది. లోపల ఎట్లున్నదో చూద్దామంటే అంటించిన కవరు ఇప్పొద్దు, ఇప్పితే చెల్లదు. ఇంకో కవరియ్యమందామంటే, ఈ ఒక్క కవరుకు పడ్డ తిప్పలు యాదికొచ్చినయి, రోజులు గూడ లేవు. పైనున్నోడే చూసుకోవాలె అనుకొని పెద్ద కవర్ల పెట్టి పోస్టాఫీసుకు పోయిన. అక్కడి క్లర్కు కవరు చేతిల పట్టుకొని వాసన చూసి, 'పకోడీలు పంపుతున్నరా మేడం?' అన్నడు. రిజిస్టర్ చెయ్యి నాయనా అన్న.

తర్వాత డ్యూటీకి పోయిన. మణుగూరు దాకా బస్సు, అక్కడి నుంచి సామాన్లతోటి ట్రాక్టరు ట్రక్కు, నెత్తి మీద వాన, ట్రక్కుల మేము, మా ఒడిల బ్యాలెట్ పెట్టె. మధ్యల ఒక వాగు పొంగితే తగ్గేదాక ఒడ్డున కూసున్నం. ఊరు చేరితే బడి గోడలకు పైకప్పు సగమే ఉన్నది. మిగతా సగం నుంచి ఆకాశం గూడ ఎలక్షన్ చూడొచ్చింది.

పోలింగు నాడు పొద్దున్నుంచి ఆ ఊరి కోయ ఆడోళ్లు, మొగోళ్లు వానల తడుసుకుంట వచ్చిండ్రు. నా పని వేలికి సిరా పెట్టుడు, బ్యాలెట్ పేపరిచ్చి మడత చూపెట్టుడు. 'ముందుగల ఇట్ల నిలువు, తర్వాత గిట్ల అడ్డం. లేకపోతే ముద్ర రెండో బొమ్మకు అంటి ఓటు ఖరాబైతది' అని గొంతు పోయేదాక చెప్పిన. ఒక ముసలామె నా చేతిలకెళ్లి పేపరు తీసుకొని, నేను చెప్పింది మొత్తం ఇని, వాళ్ల భాషల ఏదో అన్నది. పక్కనున్నామె తెలుగుల చెప్పింది: 'నీ ఓటు ఎక్కడేసినవని అడుగుతున్నది.' పోస్టుల ఏసిన అని చెప్పిన. పక్కామె అది చెప్పంగనే ముసలామె పడి పడి నవ్వింది. ఓటేయడానికి ఆమె వాగు దాటి నడిచొచ్చింది, నేనేమో పోస్టు డబ్బాల ఏసిన. నవ్వదా మరి.

పెట్టెలు అప్పజెప్పి మణుగూరు చేరేసరికి పొద్దు గూట్లె పడ్డది. ఎస్టీడీ బూతుకు పోయి మా ఆయనకు ఫోన్ చేసిన. మా ఊరి లెక్కింపుల వదిన తరపున కూసున్న ఏజెంటు ఆయనే. హలో అన్నడు.

'ఏమైంది? గెలిచిందా?' అన్న.

'సమానమొచ్చినయి.'

'సమానమొస్తే?'

'ఆఫీసరు రెండు చీటీలు రాసి డబ్బాల ఏసి, ఒకటి తీసిండు. గ్యాస్ పొయ్యొచ్చింది.'

'మరి నా ఓటు?' అన్న.

'నీ కవరు వచ్చింది. అన్నీ సక్కగనే ఉన్నయి. సంతకం, ముద్ర, అన్నీ. లోపల పేపరు మాత్రం నూనెకు అద్దమైంది. పెన్ను రంగు కరిగి, పొరలకెళ్లి దిగి, గౌను మీద సగం, గ్యాస్ పొయ్యి మీద సగం పడ్డది. ఆఫీసరు ఎల్తురుకు పట్టి అటు చూసిండు, ఇటు చూసిండు. ఏ గుర్తుకు ఏసిందో తెలుస్తలేదు, చెల్లదు అన్నడు.'

మడతలు నేను రూలు ప్రకారమే పెట్టిన. నూనెకు రూళ్లు తెల్వవు.

'అమ్మకు ఎట్ల చెప్పాలె?' అన్నడు ఆయన.

'చెప్పినవంటే చూడు' అన్న నేను. 'తన డొంక తన నూనెతోటే పోయిందని తెలిస్తే ఆ మనిషి బతుకుతదా? వదినకు గూడ చెప్పకు. వదిన కడుపుల ఏ మాట దాగదు, తెల్లారే సరికి అత్తమ్మ చెవులేస్తది.' ఫోన్ పెట్టేసి ఆ బూతు బయట వానల నిలబడి ఏడ్చిన. సిగ్గులేదు చెప్పుకోడానికి, బాగ ఏడ్చిన. ఇన్నేండ్లకు ఒక్క ఓటేస్తే, ఆ ఒక్కటీ ఏ ఊర్ల, ఏ పేటల, ఎంత అవసరమున్న కాడ పోయిందో చూడుండ్రి.

ఊరు ఊకుంటదా? గ్యాస్ పొయ్యి ఏజెంటు ఆ పేపరు మీద రెండు బొమ్మల కాడ గీతలు చూసిండు. మరక సంగతి ఆయనకు అక్కర్లేదు. 'టీచరమ్మ ఇద్దరికీ మంచిగుండాలెనని రెండింటికీ ఏసింది' అని పేటంత చాటిచ్చిండు. ఇంకేముంది, నాకు రెండు గుర్తుల టీచరమ్మ అని పేరు పడ్డది. ఊర్ల బస్సు దిగితే చాలు, 'ఓటెట్లెయ్యాలె టీచరమ్మా, జర మాకూ నేర్పు' అనేటోళ్లు. అడవిల అంతమందికి మడతలు నేర్పొచ్చిన నేను, మా పేటల పిల్లకాయల ముంగట నోరు మూసుకొని నడిచిన. వదినైతే నాతోటి మాట్లాడుడే బందు పెట్టింది. పండుగకు పోతే నా పిల్లలకు అన్నం పెట్టేది, నా దిక్కు మాత్రం చూసేది గాదు. 'చదువుకున్నదాన్నని చెప్పితివి గదా' అని ఒక్కసారి అన్నది, గంతే. అది నాకు చెంప మీద కొట్టినట్టే ఉండె.

మా అత్తమ్మ మాత్రం ఏమనలే. 'నా కోడలు గసుంటిది గాదు' అని ఇద్దరు ముగ్గురితోటి కొట్లాడిందట. ఇంట్ల మాత్రం ఆ ముచ్చటే తియ్యలేదు. ఆ తర్వాత నూనె సీసా గూడ కనిపించలేదు. అయిపోయిందేమో, మళ్ల కూటాలు ఎప్పుడొస్తయో అనుకున్న నేను. డొంక సంగతి అడగాల్నా? కొత్తగ గెలిచిన పాత మెంబరు తన గట్టును ఇంకో రెండు అడుగులు డొంక లోపలికి జరిపిండు. ప్రజలు తీర్పిచ్చిండ్రు గదా. ప్రజలంటే ఒక చీటీ.

మూడేండ్లకు పెద్ద ఎలక్షన్లు వచ్చినయి. మళ్ల నాకు డ్యూటీ, మళ్ల అడవి, మళ్ల తిరుగుడు. మళ్ల ఒక లావుపాటి కవరు ఖానాపురం హవేలి ఇంటికొచ్చింది. అప్పటికి మా అత్తమ్మ మంచం పట్టి ఉండె. నేను చిన్న కవరు అంటించి, అలవాటు ప్రకారం ఆమె మంచం కాడికి తీస్కపోయిన. 'ప్రార్థన చేస్తవా అత్తమ్మా? సీసా ఎక్కడున్నదో చెప్పు' అన్న.

ఆమె నా దిక్కు చూసింది. కుడిచెయ్యి చీర చెంగుకు గట్టిగ తుడుసుకున్నది. మళ్లొకసారి తుడుసుకున్నది. తుడిచి, ఒట్టి చెయ్యి కవరు మీద పెట్టి, 'పోయినసారి గూడ గిట్లనే పెట్టేదుండె బిడ్డా' అన్నది.

'ఎవరు చెప్పిండ్రు నీకు?' అన్న.

'ఎవరు చెప్పాలె? ఆ పొద్దున నువ్వు పౌడరు చల్లుకుంట తుడిచేది ఈ మంచం మీదికెళ్లి చూస్తనే ఉన్న. ఓటు చెల్లలేదని నా కొడుకు ఇంటికొచ్చి చెప్పినప్పుడే అయిపోయింది నా పని.'

'మరి ఊరంత నన్ను రెండు గుర్తుల టీచరమ్మ అంటుంటే ఊకున్నవేంది అత్తమ్మా? వదిన నా మొఖం చూడకుంటయ్యింది గదా?'

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. 'భయమైంది బిడ్డా. నా డొంకను నేనే పోగొట్టుకున్ననని ఎట్ల చెప్పుకోను? చెప్పాలెనని ఎన్నిసార్లో నోటిదాక వచ్చింది. నువ్వేమో నా కోసమని ఇంత మాట పడుతుంటివి. నీ ఎనక దాక్కున్న' అన్నది.

నాకు కోపం రావాలె అప్పుడు. మూడేండ్ల కోపం ఉన్నది నా కాడ, భద్రంగ దాచిపెట్టిన. ఎతుక్కున్నా దొరకలే. ఆమె చెయ్యి పట్టుకొని, 'నువ్వు నూనె జర తక్కువ పోస్తే ఏం పోయేది?' అన్న. ఆమె ఏడుసుకుంటనే నవ్వింది. నేను గూడ నవ్విన. ఆ కవరు పోస్టుల పోయింది. ఆ ఓటు చెల్లిందో లేదో నాకు తెల్వదు, లక్షల్ల ఒకటి, ఎవరికి పట్టింది.

ఆ యేడు వానలు గట్టిగ పడ్డయి. మా అత్తమ్మ ఆ వానలల్లనే పోయింది. ఎండకాలం పోవుడు మా ఇంట్ల ఎవరికీ రాసిపెట్టిలేదు.

ఊరికి తీస్కపోయినం. డొంక కాడికి వచ్చేసరికి మోకాటి బురద. మొరం సంగతి దేవుడెరుగు, డొంక గూడ సగమే మిగిలింది. గ్యాస్ పొయ్యాయన గొడుగు పట్టుకొని తన గట్టు మీద నిలబడి, మర్యాదస్తుడు గదా, చేతులు జోడిచ్చిండు. మా పేటల ఆడోళ్లు పెట్టె ఎనక నడుస్తరు, పట్టరు. నేనూ ఆ ఎనక నడిచేటోళ్లల్లనే ఉన్న. మామ పెట్టె ఒరిగిన కాడికే వచ్చినంక ఎనక కుడి దిక్కు మోసేటాయన కాలు దిగబడ్డది. పెట్టె అటు ఒంగుడు షురూ అయింది.

'అమ్మా' అని ఒక కేక ఇనపడ్డది. వదిన. నేను ఎప్పుడు ఉరికిన్నో నాకు తెల్వదు, మొగోళ్లను నూకేసి పోయి ఆ మూలకు భుజం పెట్టిన. నా ఎనక వదినొచ్చి భుజం పెట్టింది. ఇద్దరం మోకాళ్లు దాటి బురదలున్నం. మూడేండ్లకు ఆమె నా మొఖం అంత దగ్గరికెళ్లి చూసింది.

'అమ్మ నాకు చెప్పింది పిల్లా. పోయేముందు. నూనె సంగతి' అన్నది.

'ముందు పట్టుకో వదినా' అన్న.

'పట్టుకున్న, నువ్వు ఇడవకు' అన్నది.

ఇడవలే. అడుగులో అడుగేసుకుంట, పడుకుంట లేసుకుంట, మొగోళ్లు ముంగట గుంజుతుంటే మేమిద్దరం ఎనక నుంచి మోసుకుంట పోయినం. వాగు ఒడ్డు దాక ఆ పెట్టె ఒరగలేదు.